మంచు కరిగితే నది ఎందుకు పొంగుతుంది?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని ఫార్గోలో ఎమ్మెస్ చదువుతూ నదికి దగ్గర్లో అద్దెకుంటున్నాడు. ఈ వసంతంలో వరద రావచ్చంటున్నారట. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మాకు, వానాకాలం కాని రోజుల్లో వరదేమిటో అంతుబట్టడం లేదు. వాడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక తల్లి, భద్రాచలం

జవాబు: అమ్మా, ఫార్గో పక్కన పారే రెడ్ రివర్‌కు చలికాలమంతా పేరుకున్న మంచే జలాశయం. నేల లోతుగా గడ్డకట్టి ఉంటుంది కనుక, మార్చిలో మంచు కరిగినా నీరు ఇంకదు. పైగా ఈ నది ఉత్తరానికి పారుతుంది. ఎగువన దక్షిణాన మంచు కరిగి నీరు బయలుదేరే వేళకు దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉండవచ్చు. ఒకప్పటి మహా సరస్సు అడుగుభాగమైన ఆ నేలకు మైలుకు అరడుగు వాలు కూడా లేకపోవడంతో, గట్టు దాటిన నీరు పొలాల మీద మైళ్లకొద్దీ పరుచుకుంటుంది.

దీనికి వాన తోడైతే ముప్పు పెరుగుతుంది. అయితే వాన వేడి వల్ల కరిగే మంచు తక్కువే. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు కావాలి కనుక, పది డిగ్రీల వెచ్చని వాన సెంటీమీటరు కురిసినా కరిగేది మిల్లీమీటరు పైచిలుకు నీటికి సరిపడే మంచే. వానతో వచ్చే తేమగాలిలోని ఆవిరి మంచును తాకి నీరుగా మారేటప్పుడు మాత్రం గ్రాముకు దాదాపు 600 కేలరీలు వెలువడతాయి. కాబట్టి రాత్రంతా వీచే వెచ్చని తేమగాలిని తేలిగ్గా తీసుకోకూడదు.

ఫార్గోలో 18 అడుగులకే వరద స్థాయి అంటారు. 2009 మార్చి 28న నది 40.84 అడుగులకు చేరింది. ఏ ఊరి కొలబద్దకు ఆ ఊరి సున్నా ఉంటుంది కనుక, భద్రాచలంలో గోదావరికి మీకు తెలిసిన 43 అడుగుల మొదటి హెచ్చరికతో దీన్ని పోల్చకండి. ఆ ఏడాది వేలమంది స్వచ్ఛందంగా ఇసుక బస్తాలు నింపారు. గడ్డకట్టిన బస్తా రాయిలా బిగుసుకుపోయి పక్క బస్తాకు అతుక్కోదు. ఆ సందుల్లోంచి నీరు ఊరుతుంది. అందుకే బస్తాలను చలి తగలకుండా దాచుకోవలసి వస్తుంది.

అంచనాను గరిష్ఠ పరిమితిగా భావించవద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. 1997లో దిగువనున్న గ్రాండ్ ఫోర్క్స్‌లో 49 అడుగులు రావచ్చని అంచనా వేస్తే, 54.35 అడుగులు వచ్చి దాదాపు ఊరంతా ఖాళీ అయింది. వరద హెచ్చరిక ఉన్నప్పుడు నేలమాళిగలో నిద్రపోకూడదు, సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు అక్కడ ఉంచకూడదు. నీరు పారుతున్న రోడ్డు మీదికి కారు పోనివ్వకూడదు. అద్దెదారుల మామూలు బీమాలో వరద నష్టం సాధారణంగా చేరదు. ప్రభుత్వ వరద బీమాను అద్దెకున్నవారు కూడా తమ సామానుకు తీసుకోవచ్చు గానీ, సాధారణంగా అది కట్టిన 30 రోజుల తర్వాతే అమలవుతుంది కనుక, మంచు ఇంకా కరగకముందే, ఈ వారంలోనే ఆ పని చూసుకోమనండి.