ఎక్స్‌గ్రేషియా తీసుకున్నా పరిహారం అడగొచ్చు

రైలు ప్రమాదంలో దెబ్బలు తగిలినవాళ్లు ఎక్స్‌గ్రేషియా తీసుకుంటే ఇంక కేసు వెయ్యడానికి ఉండదా అని మీరు రాసి అడిగారు. నూటికి నూరుపాళ్లు ఉంటుంది. ఆ డబ్బుతో అంతా అయిపోయిందని మేమూ అనుకున్నాం.

2023 అక్టోబరు 29, ఆదివారం సాయంత్రం. విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస పాసింజరును వెనక నుంచి రాయగడ పాసింజరు గుద్దేసింది. 14 మంది పోయారు. మా పిన్ని కొడుకు పలాస బండిలో, వెనక బోగీలో ఉన్నాడు. మేం ఆసుపత్రికి వెళ్లేసరికి వాడి కాలికి కట్టు, మంచం కింద ప్లాస్టిక్ సంచిలో కత్తెరతో కోసేసిన చొక్కా. పిన్ని ఆ రక్తం చూడలేక సంచి పారేయించింది. టికెట్ ఆ జేబులోనే ఉండిపోయింది.

మర్నాటి నుంచి ఒకటే టెన్షన్. టికెట్ లేకపోతే రూపాయి రాదని ఒకరు, ఎక్స్‌గ్రేషియాకి సంతకం పెట్టేశారుగా, ఇంకేం అడుగుతారని ఇంకొకరు. రెండూ తప్పే. ఎక్స్‌గ్రేషియా అప్పటికప్పుడు చేసే సాయం, దాన్ని పరిహారంలో మినహాయించరు. పరిహారమంటే రైల్వే చట్టం 124వ సెక్షన్ ఇచ్చిన హక్కు. తప్పెవరిదో మనం నిరూపించక్కర్లేదు. ప్రాణం పోతే 8 లక్షలు, గాయాలకి షెడ్యూలు (ఏ గాయానికి ఎంతో చెప్పే పట్టిక) ప్రకారం ఇస్తారు. ఇలాంటి పరిహారం కేసులు చూసే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో ప్రమాదం జరిగిన ఏడాది లోపు దరఖాస్తు వెయ్యాలి. టికెట్ దొరకనంత మాత్రాన హక్కు పోదని, టికెట్ కొన్నామని అఫిడవిట్ (ప్రమాణపత్రం) ఇస్తే, కొనలేదని చూపించే భారం రైల్వేదేనని 2018లో రీనాదేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది ఆసుపత్రి కేస్ షీటు. అలవాటుకొద్దీ అందులో రోడ్డు ప్రమాదం అని రాసేశారు! దాన్ని దిద్దించడానికి నాలుగుసార్లు తిరిగాం. మీరు డిశ్చార్జి రోజే ఆ కాగితం చదువుకోండి.

ఇంకొక్క మాట. ఆటోమేటిక్ సిగ్నల్ పాడైతే రాత్రిపూట బండి రెండు నిమిషాలు ఆగి, గంటకు 10 కిలోమీటర్ల వేగంతోనే కదలాలి. రాయగడ బండి అలా చెయ్యలేదని ప్రాథమిక విచారణ చెప్పింది, నెపమంతా ఆ ప్రమాదంలోనే చనిపోయిన ఆ బండి లోకో పైలట్ల (డ్రైవర్ల) మీద పడింది. మరి సిగ్నళ్లు పాడయ్యాయి కదా, అదెవరి బాధ్యత? ఆ ఏడాది జూన్‌లోనే బాలాసోర్ రైలు ప్రమాదం చూశాక కూడా, అప్పటికి ఆ లైనులో కవచ్ (రైళ్లు గుద్దుకోకుండా ఆపే వ్యవస్థ) లేదు. ఆన్‌లైన్‌లో రిజర్వేషన్ చేసుకున్నవాళ్లు పైసల్లో కట్టి 10 లక్షల బీమా తీసుకోవచ్చు. రోజూ నిలబడి వెళ్లే జనరల్ టికెట్ వాళ్లకి అదీ లేదు. ఇది ఘోరమైన అన్యాయం.

మేం ప్రమాదం జరిగిన పదో నెలలో దరఖాస్తు వేశాం, వాయిదాలు నడుస్తున్నాయి. మీ ప్రమాదం ఎప్పుడు జరిగిందో రాయలేదు. ఏడాది దగ్గరపడుతుంటే ఈ వారమే వెయ్యండి. దాటిపోయినా సరైన కారణం చూపించి ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు, వదిలెయ్యకండి.