బ్యాంకాక్‌లో పెద్దవాళ్లతో ఒక పూట నడిచి చూసే పాత ఊరు

అరవై దాటిన అమ్మానాన్నలతో బ్యాంకాక్ వెళ్తున్నామని, మాల్స్ కాకుండా ఒక పూటలో నడిచి చూడగలిగే పాత ప్రాంతం ఏదైనా ఉందా అని అడిగారు. తప్పకుండా కుడీచీన్ వెళ్లండి. చావ్ ఫ్రయా నదికి పడమటి ఒడ్డున థోన్‌బురిలోని పాత పేట ఇది. థోన్‌బురి ఒకప్పుడు విడి ఊరు, ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. నేనూ మా అమ్మానాన్నలతోనే వెళ్లాను.

పాక్ ఖ్లాంగ్ పూల మార్కెట్ దగ్గర రేవులో పడవ ఎక్కితే నిమిషాల్లో అవతలి ఒడ్డు. దిగగానే వాట్ కల్యాణమిత్. 1825లో కట్టిన ఈ ఆలయంలో కూర్చున్న బుద్ధుడి ఎత్తే సుమారు 15 మీటర్లు. పేరు వినగానే నాన్న “కల్యాణమిత్ర కదూ!” అన్నారు. అవును, అదే మాట. కుడీ అన్నా మన కుటీరమే. కుడీచీన్ అంటే చైనా సన్యాసుల కుటీరాలు. అక్కణ్నుంచి దారి పొడవునా నాన్న ఎదురైన పేర్ల అర్థాలు విప్పుకుంటూనే నడిచారు.

నది వెంబడి కాలిబాటలో నాలుగు అడుగులు వేస్తే చైనావాళ్ల కియాన్ ఉన్ కెంగ్ గుడి. లోపల ఉన్నది కరుణామూర్తి గ్వాన్‌యిన్. ఫొటోలు తీయనివ్వరు. పాతబడిన కొయ్య చెక్కడాల కింద, అగరుధూపంలో అమ్మ చాలాసేపు కూర్చుండిపోయింది. తొందరపెట్టకండి, ఆ కాసేపే మా అందరికీ బాగా గుర్తుండిపోయింది.

తర్వాత శాంటా క్రూజ్ చర్చి. 1767లో బర్మా సైన్యం చేతిలో అప్పటి రాజధాని అయుత్థయ పతనమయ్యాక తాక్సిన్ రాజు థోన్‌బురిని రాజధాని చేసుకున్నాడు. తన పక్షాన పోరాడిన పోర్చుగీసువారికి 1769లో ఈ నేల ఇచ్చాడు. ఇప్పుడున్న కట్టడం 1916 నాటిది. మేము ఆదివారం వెళ్లాం కాబట్టి లోపల కూర్చోగలిగాం.

చర్చి వెనక ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు సందులు. పోర్చుగీసు సంతతివారు ఇంకా అక్కడే ఉంటున్నారు. ‘ఖనోమ్ ఫరాంగ్’ అనే చిన్న కేకులు కాలుస్తారు: గుడ్లు, పిండి, చక్కెర, పైన ఎండుద్రాక్ష. ఫరాంగ్ అంటే మన పరంగివాళ్లే. వేడివేడిగా తినండి. మా అమ్మ గుడ్డు ముట్టదు, మీవాళ్లూ అలాగే అయితే అని ఇందులో గుడ్లుంటాయని ముందే చెబుతున్నాను.

ఓపిక ఉంటే బాంగ్ లువాంగ్ మసీదు వరకూ వెళ్లండి. గుమ్మటం లేదు, మినార్ లేదు, థాయ్ ఆలయం కప్పుతో తెల్లగా కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులుంటే అది వదిలేసి, వాట్ ప్రయూన్ తెల్ల స్తూపం దగ్గర ఆపేయండి. అక్కడి రాతిగుట్ట చుట్టూ కొలనులో తాబేళ్లుంటాయి, నీడలో కూర్చోవచ్చు.

ఉదయం ఎనిమిదికల్లా బయలుదేరండి, పదకొండు దాటితే ఎండ తట్టుకోలేరు. తిరుగు ప్రయాణానికి ఇత్సరఫాప్ మెట్రో స్టేషన్ ఉంది కానీ, పెద్దవాళ్లకు అంత దూరం నడక వద్దు, టాక్సీ పిలవండి.