బెంగళూరు ఫ్లాట్‌లో తిరునాళ్ళు

"అక్కా, మేం గుంటూరు నుంచి మారతహళ్ళికి వచ్చి ఎన్నో నెలలు కాలేదు. వచ్చే నెల మా పాపకు ఆరేళ్ళు నిండుతాయి. ఇక్కడ ప్రతి పుట్టినరోజుకూ ఏదో ఒక థీమ్ పెడుతున్నారు. డెకరేషన్ వాళ్ళు చెప్పే రేట్లు వింటే టెన్షన్ వస్తోంది. పిలవాలనుకున్న పది కుటుంబాల్లో తెలుగువాళ్ళు మూడిళ్ళే. ఇంట్లోనే చేసుకోవచ్చా?" అని ఒక చెల్లెలు అడిగింది. వైట్‌ఫీల్డ్ నుంచీ, కేఆర్ పురం నుంచీ, ఎలక్ట్రానిక్ సిటీ నుంచీ ఇదే ప్రశ్న వస్తూ ఉంటుంది కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

నిశ్చింతగా ఇంట్లోనే చేసుకోండి. మన ఊళ్ళో పుట్టినరోజంటే పిన్నీ బాబాయీ, అత్తయ్య పిల్లలూ, పక్కింటి మామ్మగారూ అంతా వచ్చేస్తారు. ఎవరితో ఏం మాట్లాడాలన్న బెంగే ఉండదు. ఇక్కడ అలా కుదరదు. మీ హాల్లో కూర్చున్న కన్నడ కుటుంబానికి తమిళ కుటుంబం తెలియదు. ఒడిశా నుంచి వచ్చినవాళ్ళకు మీరు తప్ప ఎవరూ తెలియదు. కేకు కోసేదాకా ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకుంటారు, కోశాక లేచి వెళ్ళిపోతారు. అందుకే థీమ్ ఎంచుకునేటప్పుడు ఫొటోలో ఎలా పడుతుందన్నది తర్వాత చూసుకోండి. ఎవరూ పరిచయం లేని మనిషి మీ గుమ్మం దాటాక మొదటి పది నిమిషాలు ఏం చేస్తాడన్నది ముందు ఆలోచించండి. ఖర్చూ శ్రమా అక్కడ పెడితే ఫలితం ఉంటుంది.

పిల్లలు సాధారణంగా కార్టూన్ బొమ్మల థీమే అడుగుతారు. వాళ్ళతో గొడవ పెట్టుకోకండి. ఆ బొమ్మను కేకు మీదా, వాట్సాప్‌లో పంపే పిలుపు మీదా పెట్టండి, సంతోషిస్తారు. మిగతా ఇల్లంతా తిరునాళ్ళలా చెయ్యండి. నేను ఎవరికైనా మొదట చెప్పేది ఈ థీమే. కన్నడిగులకు జాత్రె, తమిళులకు తిరువిళా, ఉత్తరాదివాళ్ళకు మేళా. వివరించి చెప్పాల్సిన పని లేకుండా అందరికీ తెలిసిన సంబరం ఇది. ఏటా కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో పెద్ద నంది గుడి దగ్గర కడలెకాయి పరిషె అని వేరుశనక్కాయల జాతర జరుగుతుంది. వీలైతే పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. రోడ్డుకు రెండువైపులా శనక్కాయల కుప్పలు, గాజుల బండ్లు, బూరలు, రంగులరాట్నాలు చూసి వస్తే మీ హాలు ఎలా సర్దాలో పిల్లలే చెబుతారు.

హాల్లో నాలుగైదు అంగళ్ళు పెట్టండి. అంగడంటే ఒక స్టూలు, దాని మీద పాత చీర ముక్క, చేత్తో రాసిన అట్ట బోర్డు, అంతే. గాజుల కొట్టు ఒకటి, రింగులు విసిరే ఆట ఒకటి, గ్లాసుల దొంతరను బట్టబంతితో పడగొట్టేది ఒకటి, కాగితపు గాలిమరలు చేసిచ్చేది ఒకటి, మరమరాల బండి ఒకటి. గుమ్మంలోనే ప్రతి పిల్లకూ పిల్లాడికీ చిన్న గుడ్డ సంచిలో పది చింతపిక్కలు ఇవ్వండి. తిరునాళ్ళలో అవే డబ్బులు. ఒక ఆటకు ఒక పిక్క, గాజులకు రెండు. ఏం కొనాలో లెక్కేసుకోవడంలోనే పిల్లలకు సగం ఆనందం. మూడేళ్ళలోపు పిల్లలుంటే మాత్రం పిక్కలు వద్దు, నోట్లో పెట్టుకుంటారు. వాళ్ళకు పెద్ద అట్ట బిళ్ళలు ఇవ్వండి.

అంగళ్ళలో మీరు కూర్చోకండి, వచ్చిన తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టండి. ఇది తప్పకుండా పాటించమని అడుగుతున్నాను. రింగుల ఆట తమిళ నాన్నకు, గ్లాసుల దొంతర కన్నడ నాన్నకు అప్పగించండి. దొంతర కూలినప్పుడల్లా పేర్చాలి కాబట్టి పక్క అంగడివాళ్ళ సాయం అడగక తప్పదు. చేతికి పని తగలగానే మనుషులు కలిసిపోతారు. పది ఇళ్ళవాళ్ళు వస్తే అయిదారుగురికి పని ఉండాలి. మిగిలినవాళ్ళు పిల్లల వెంట తిరుగుతారు.

ఆటల్లో నేను ఎక్కువగా నమ్మేది అష్టాచెమ్మా. నేల మీద పెద్దగా వేసి, కాయల బదులు పిల్లల్నే నిలబెట్టండి. పెయింటింగ్ పనివాళ్ళు వాడే కాగితం టేపు (మాస్కింగ్ టేప్ అని అడగండి) తెచ్చి, అయిదు నిలువు అయిదు అడ్డం గళ్ళు గీయండి. ఒక్కో గడి అడుగున్నర ఉంటే మొత్తం ఏడున్నర అడుగుల చదరం వస్తుంది. సోఫా పక్కకు జరిపితే డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ హాల్లో పడుతుంది. నాలుగువైపులా మధ్య గడిలోనూ, నడిమి గడిలోనూ ఇంటూ గుర్తు పెట్టండి. నాలుగు జట్లు, జట్టుకొక పిల్ల. నాలుగు చింతపిక్కల్ని ఒకవైపు తెల్లగా కనబడేదాకా గరుకు నేల మీద అరగదీయండి. వేసినప్పుడు ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్ళు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగు గళ్ళు. నాలుగూ నల్లగా పడితే అష్ట, ఎనిమిది గళ్ళు. ఈ రెండు పడినవాళ్ళకు ఇంకో పందెం. బయటి చుట్టులో 16 గళ్ళు, లోపలి చుట్టులో 8, ఆపైన నడిమి గడికి చేరితే కాయ పండినట్టు. ఎదుటి కాయను చంపితేగానీ లోపలి చుట్టులోకి రానివ్వకూడదన్నది కొన్ని ఇళ్ళ పట్టుదల. చిన్నపిల్లలతో ఆ నియమం పెట్టుకోకండి, ఆట తెమలదు. జట్టుకు ఒక్క కాయే కాబట్టి పావుగంట, ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది. తర్వాత ఇంకో నలుగురు నిలబడతారు.

పిక్కలు వేసే పని పెద్దవాళ్ళకు ఇవ్వండి. కన్నడ ఇళ్ళలో ఇదే ఆటను చౌకాబార అంటారు. మీ ఇంటి ఓనరు అమ్మగారో, ఎదురు ఫ్లాట్ అజ్జిగారో (కన్నడలో అజ్జి అంటే అమ్మమ్మ, నానమ్మ) ఆ గళ్ళు చూడగానే కుర్చీ దగ్గరకు లాక్కుంటారు. భాష రాదని ఒక మూల కూర్చునే మన అమ్మమ్మలకూ ఇదే మందు. వామనగుంటల పీట ఉంటే అదీ బయట పెట్టండి. కన్నడలో అళగుళి మనె, తమిళంలో పల్లాంగుళి. ఏడేసి గుంటలు రెండు వరుసలు, గుంటకు అయిదు గింజలు చొప్పున మొదలుపెడతారు. ఇద్దరు పెద్దవాళ్ళు ఎదురెదురుగా కూర్చుంటే మాట అక్కర్లేకుండానే ఆట సాగుతుంది.

మ్యూజికల్ చైర్స్ నాకు నచ్చదు, ముఖ్యంగా ఆరేడేళ్ళవాళ్ళకు. మొదట ఔటైన పిల్ల ఏడుస్తుంది, లేదా ఇల్లంతా పరుగెత్తుతుంది. పాట పెట్టాలనిపిస్తే కుర్చీల బదులు చాపలు వేయండి. పాట ఆగినప్పుడల్లా ఒక చాప తీసెయ్యండి, పిల్లల్ని మాత్రం తీయకండి. చివరి ఒక్క చాప మీద అందరూ ఎలా ఇరుక్కుని కూర్చుంటారో వాళ్ళే దారి వెతుక్కుంటారు. హౌసీ ఆడించాలంటే అంకెల బదులు బొమ్మలతో టికెట్లు తయారుచేయండి: ఏనుగు, గాలిపటం, బూర, గాజు, మామిడిపండు లాంటివి టికెట్టుకు తొమ్మిది. చదవడం రాని పిల్లలూ ఆడగలుగుతారు.

ఇక అలంకరణ. బెంగళూరులో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి పెయింటింగ్ చార్జీ కోసుకోవడం మామూలే. చాలా అగ్రిమెంట్లలో ఆ మాట రాసే ఉంటుంది. అలాగని గోడ ఎలాగూ పెయింట్ చేస్తారులే అనుకుని సెల్లోటేపు అంటించకండి, రంగు పెళ్ళలుగా లేచొస్తే ఓనరుతో అదనపు వాదన. గోడను ముట్టుకోకుండా పని జరిపించవచ్చు. కర్టెన్ రాడ్‌కు రెండు పాత చీరలు మడతలు పెట్టి వేలాడదీస్తే కేకు వెనక గోడ సిద్ధమైపోతుంది. ఈ చివర కిటికీ గ్రిల్‌కూ ఆ చివర లాఫ్ట్ తలుపు పిడికీ పురికొస కట్టి, దానికి రంగు కాగితాల జెండాలు అతికించండి. ఆ కాగితాలు కత్తిరించే పని వారం ముందే పాపకూ, ఆ అంతస్తులోని స్నేహితులకూ అప్పజెప్పండి. వంకరగా వస్తాయి, అలాగే కట్టండి. వాళ్ళు కత్తిరించినవే వాళ్ళకు అన్నిటికన్నా అందంగా కనబడతాయి.

రంగు కాగితాలకు చిక్‌పేట, అవెన్యూ రోడ్డు వైపు స్టేషనరీ దుకాణాలు చూడండి. గ్రీన్ లైన్ మెట్రోలో వెళ్తే పార్కింగ్ బాధ తప్పుతుంది. ఆదివారం చాలా కొట్లు తెరవరు. బంతి, చామంతి పూలకు కేఆర్ మార్కెట్‌ను మించింది లేదు, కానీ తెల్లవారకముందే వెళ్ళాలి. అంత పొద్దున్నే కుదరనివాళ్ళకు మల్లేశ్వరం, గాంధీబజార్ ఉన్నాయి, ధర కొంచెం ఎక్కువ. మామిడాకులు అడిగితే ఇస్తారు.

థర్మాకోల్ అక్షరాలు, బెలూన్లకు ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. దుకాణంలో ఎవరైనా చేతిలో పెట్టినా తీసుకోకండి. కర్ణాటకలో వక్క తోటలు ఎక్కువ కాబట్టి వక్కపట్ట ప్లేట్లు ఇక్కడ తేలిగ్గా దొరుకుతాయి. పులుసు పోసినా వంగవు.

రెండు జాగ్రత్తలు గట్టిగా చెబుతాను. గాల్లో తేలే బెలూన్లు కావాలంటే హీలియం నింపినవో కాదో అడిగి తెలుసుకోండి. చవకగా హైడ్రోజన్ నింపి ఇస్తే కొవ్వొత్తి మంట తగిలినా అంటుకుంటుంది. స్నో స్ప్రే కూడా అంతే, అందులోని గ్యాస్ మండుతుంది. కేకు దగ్గర అది అసలు వద్దు. మామూలు గాలి బెలూన్లు చాలు. పగిలిన ముక్కలు మాత్రం వెంటనే ఏరెయ్యండి, పసిపిల్లల గొంతులో ఇరుక్కుంటే ప్రమాదం.

తిండి విషయంలో ఎక్కువ ఆలోచించక్కర్లేదు. తిరునాళ్ళంటే మరమరాలు, బజ్జీలు, చెక్కలు, జంతికలు. మరమరాల మిక్చర్ ఇక్కడివాళ్ళకు చురుమురి, చెక్కలు నిప్పట్టు, జంతికలు చక్కలి. కొత్త వంట తింటున్నామన్న బెరుకు ఎవరికీ ఉండదు. కారం మాత్రం మన లెక్కలో సగం వేసి, పక్కన పచ్చిమిర్చి ముక్కలు పెట్టండి. పిలిచేటప్పుడే మాంసాహారం, గుడ్డు తింటారా అని అడగండి. జైనులు వస్తుంటే ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప లేని పదార్థం ఒక్కటైనా ఉండాలి. గుడ్డు లేని కేకు ఏ పేటలో అయినా దొరుకుతుంది.

సమయం దగ్గర మన ఊరి అలవాటు పనికిరాదు. శనివారం సాయంత్రం ఏడింటికి పెడితే ఔటర్ రింగ్ రోడ్డు దాటి వచ్చేవాళ్ళు తొమ్మిదికి చేరతారు, అప్పటికి పిల్లలు నిద్రకు తూగుతుంటారు. ఆదివారం పదకొండు నుంచి రెండు దాకా పెట్టుకోండి. రోడ్లు కాస్త ఖాళీగా ఉంటాయి, సాయంత్రం వానల బెడద తప్పుతుంది, రాత్రి పదింటి తర్వాత శబ్దం గురించి కింది ఫ్లాట్‌వాళ్ళు గొడవపడే పనీ ఉండదు. సెక్యూరిటీకి అతిథుల పేర్లూ బండ్ల సంగతీ ముందురోజే చెప్పండి. ఓనరు అదే భవనంలో ఉంటే మొదటి పిలుపు వాళ్ళకే. ఫోనులో చెప్పకుండా ఇంటికి వెళ్ళి "ఊటక్కె బన్ని" (భోజనానికి రండి) అనండి. ఆ రెండు ముక్కలు కన్నడలో అంటే వాళ్ళ ముఖం ఎలా విప్పారుతుందో మీరే చూస్తారు.

బహుమతులకూ, రిటర్న్ గిఫ్టులకూ చన్నపట్న బొమ్మలు కొనండి. ఆ ఊరు మైసూరు రోడ్డులో సుమారు 60 కిలోమీటర్ల దూరం. అంత దూరం వెళ్ళకపోయినా నగరంలోని హస్తకళల దుకాణాల్లో దొరుకుతాయి. మన ఏటికొప్పాక బొమ్మలు ఏ అంకుడు చెట్టు కర్రతో చేస్తారో ఇవీ ఆ చెట్టు కర్రవే, లక్క రంగులే. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే నాలుగు ఏటికొప్పాక బొంగరాలు తెప్పించి కలిపి పెట్టండి. ఏవి ఎక్కడివో పిల్లలు గుర్తుపట్టే ఆట ఇంకొకటి దొరికినట్టే.

పార్టీ అయ్యాక నేల మీద టేపు ఆ సాయంత్రమే తీసెయ్యండి. రోజుల తరబడి ఉంచితే జిగురు టైల్స్‌కు పట్టేసి దుమ్ముతో నల్లబడుతుంది. పూలు, ఆకులు, మిగిలిన తిండి తడిచెత్తలో, కాగితాలు పొడిచెత్తలో వేయండి. కలిపేస్తే మర్నాడు చెత్తబండివాళ్ళు తీసుకోరు. జెండాల తాడు చుట్టి దాచుకోండి, ఎదురింటి అబ్బాయి పుట్టినరోజుకు అడుగుతారు.