పెళ్లయిన పదమూడేళ్లకు హనీమూన్‌కి కలకత్తా వెళ్లాం, మీరూ వెళ్లండి

పెళ్లయి తొమ్మిదేళ్లయింది, అప్పట్లో కుదరని హనీమూన్‌కి ఇప్పుడు వెళ్దామనుకుంటున్నాం, ఇద్దరికీ సందడిగా ఉండే ఊరు కావాలి, కలకత్తా అయితే నాలుగు రోజుల్లో ఏమేం చూడొచ్చు అని మీరు రాసి అడిగారు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు: "ఇద్దరు పిల్లలున్నాక ఇప్పుడు బాగుంటుందా" అని. ఆ మాట చదివాకే జవాబు రాయాలనిపించింది. బాగుంటుందండీ. పెళ్లయిన వారానికి వెళ్లే వాళ్లకంటే మీకే బాగుంటుంది. కొత్త జంటకి ఒకరికొకరు ఏం ఇష్టమో తెలియదు, ప్రతిదానికీ మొహమాటం. మీకు తెలుసు. మీకు లేనిది తీరిక ఒక్కటే.

మాకు 2011 మే నెలలో పెళ్లయింది. మాది కడియం దగ్గర. మా ఆయనది కడియపులంక మార్కెట్‌లో పూల వ్యాపారం. పెళ్లయిన నెలకి ఊటీ టికెట్లు తీసుకున్నాం. వెళ్లడానికి నాలుగు రోజుల ముందు మామయ్యగారికి పక్షవాతం వచ్చింది, టికెట్లు రద్దు చేసుకున్నాం. తర్వాత ఆడపడుచు పెళ్లి, పెద్దది పుట్టడం, చిన్నాడు పుట్టడం, ఇల్లు కట్టుకోవడం. 2020లో గట్టిగా అనుకున్నాం, కరోనా వచ్చింది. పూల వ్యాపారంలో ఇంకో కష్టం ఉంది. అందరి ముహూర్తాలూ మాకు పని రోజులే. మాఘం, వైశాఖం పెళ్లిళ్లు, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతాలు, వినాయక చవితి, దసరా, కార్తీకం. లోకమంతా పండగ చేసుకునే రోజున ఆయన తెల్లవారుజామున మూడింటికి లేచి బండి తీయాలి. ఏడాదిలో కాస్త ఊపిరి పీల్చుకునేది ఆషాఢంలో, ధనుర్మాసంలో. ఆషాఢంలో వానలు. అందుకని 2025 జనవరి మొదటి వారంలో బయల్దేరాం. ధనుర్మాసంలో గుళ్లకి పూలు వెళ్తూనే ఉంటాయి గానీ ఆ మాత్రం మా మరిది చూసుకుంటాడు. పిల్లల్ని చూసుకోవడానికి మా అమ్మ వచ్చింది.

అదృష్టం కొద్దీ అదే కలకత్తాకి మంచి కాలం. దసరాకి వెళ్లమని మీకు చాలామంది చెబుతారు. అక్కడి దుర్గాపూజకి 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది, చూడాల్సిందే, కాదనను. కానీ హనీమూన్‌కి కాదు. ఆ రోజుల్లో గదులు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి, రోడ్డు మీద పక్కవాళ్ల చెయ్యి వదిలితే మళ్లీ పట్టుకోవడం కష్టం. డిసెంబర్, జనవరిలో వెళ్లండి. పొద్దున మంచు, మధ్యాహ్నం మెత్తటి ఎండ, సాయంత్రానికి పల్చటి స్వెట్టర్ చాలు. ఎంత నడిచినా అలసట ఉండదు. ఆ ఊరు నడిచి చూడాల్సిన ఊరు.

ప్యాకేజీ మాత్రం తీసుకోకండి. హనీమూన్ ప్యాకేజీ అనగానే మంచం మీద గులాబీ రేకులు, కేకు, క్యాండిల్ లైట్ డిన్నర్ అని బిల్లులో కలుపుతారు. పూల వ్యాపారి భార్యగా చెబుతున్నాను, మంచం మీద చల్లేది కాడ నుంచి ఊడిపోయిన పూల రేకులు, మార్కెట్‌లో అన్నిటికన్నా చవక సరుకు. దానికి వేలు పోయడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పైగా రోజుకి ఆరు చోట్లు తిప్పుతారు. బస్సు దిగడం, ఫోటో తీసుకోవడం, ఎక్కడం. అలా తిరగడానికైతే పిల్లల్ని తీసుకెళ్లొచ్చు, వాళ్లకి సరదాగా ఉంటుంది.

మేం రాజమండ్రిలో హౌరా మెయిల్ ఎక్కాం. కోరమండల్ కూడా ఉంది గానీ అది ఇప్పుడు హౌరాకి కాకుండా షాలిమార్ స్టేషన్‌కి వెళ్తుంది, టికెట్ తీసుకునేటప్పుడు చూసుకోండి. దారిలో ఖరగ్‌పూర్ వస్తుంది. రైల్వే ఉద్యోగాల కోసం తరాల క్రితం వెళ్లిన మనవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు, ప్లాట్‌ఫాం మీద తెలుగు వినిపిస్తే ఆశ్చర్యపోకండి.

గది విషయంలో మాకు ఒక దెబ్బ తగిలింది. ఆన్‌లైన్‌లో ఫోటోలు చూసి బుక్ చేసిన హోటల్‌లో మా గది కిటికీ తీస్తే ఎదురుగా జనరేటర్. రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు వేరే చోటికి మారాం, ఒక రాత్రి డబ్బు పోయింది. ముందే ఫోన్ చేసి, కిటికీ ఎటువైపు ఉందో అడిగి తీసుకోండి. ఎస్ప్లనేడ్, పార్క్ స్ట్రీట్ చుట్టుపక్కల అయితే మెట్రో దగ్గర, నడిచి తిరగడానికీ బాగుంటుంది. ఎస్ప్లనేడ్‌ని అక్కడివాళ్లు ధర్మతలా అంటారు, టాక్సీవాడితో ఆ పేరు చెప్పినా తెలుస్తుంది.

అన్నిటికన్నా నేను చెప్పాలనుకున్నది రెండో రోజు పొద్దున సంగతి.

నాలుగున్నరకి మెలకువ వచ్చి చూస్తే ఆయన బట్టలు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు. అలవాటైన ప్రాణం, నిద్ర పట్టలేదట. "ఇక్కడ హౌరా బ్రిడ్జి కింద పెద్ద పూల మార్కెట్ ఉందట, ఓసారి చూసొద్దామా?" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. పదమూడేళ్లుగా ఆ పూలే మమ్మల్ని ఎక్కడికీ కదలనివ్వలేదు. ఇక్కడికొచ్చినా పూలేనా అన్నాను. ఆయన ఏం మాట్లాడకుండా చెప్పులు విప్పేశారు. ఆ చెప్పులు విప్పడం చూసి నాకే మనసు ఆగలేదు. సరే పదండి అన్నాను.

పసుపు రంగు అంబాసిడర్ టాక్సీ దొరికింది. వంతెన ఇవతల చివర దిగి, పక్కనే మెట్లు దిగితే మల్లిక్ ఘాట్ పూల మార్కెట్. నిండా మంచు. ఆ మంచులోంచి బంతిపూల దండలు మోకుల్లా భుజాల మీద చుట్టుకుని మనుషులు వస్తున్నారు, నారింజ రంగు ఒకరు, పసుపు ఒకరు. నెత్తిన గంపలున్నవాళ్లు అరుచుకుంటూ దారి చేసుకుపోతున్నారు. కింద బురద, బురదలో రేకులు, కాలు జారుతుంది. కాళికి వేసే ఎర్ర మందార దండలు ఒకచోట గుట్టగా పోశారు. మందారని అంత మొత్తంలో దండలు కట్టి అమ్మడం మన వైపు నేను చూడలేదు. రజనీగంధ అని వాళ్లు పిలిచేది మన లిల్లీపూలే. కనకాంబరాలు మాత్రం ఎంత వెతికినా కనిపించలేదు.

ఆయన ఒక బంతిపూల గుట్ట దగ్గర ఆగిపోయారు. ఒక పువ్వు తీసుకుని తొడిమ నొక్కి చూశారు, వాసన చూశారు, రేకులు వెనక్కి వంచి చూశారు. అమ్మేవాడికి తెలుగు రాదు, ఈయనకి బెంగాలీ రాదు, ఇద్దరికీ వచ్చిన హిందీ నాలుగు ముక్కలు. అయినా అరగంట మాట్లాడుకున్నారు. వేళ్లతో రేట్లు, చేతులతో కొలతలు. పువ్వు ఎన్నాళ్లు నిలుస్తుంది, నీళ్లు ఎప్పుడు చల్లాలి, గోనె తడిపి కప్పాలా వద్దా. చుట్టూ ఇంకో ముగ్గురు చేరారు. ఈయన ఫోన్‌లో మా మార్కెట్ ఫోటోలు చూపిస్తున్నారు, వాళ్లు భుజం తడుతున్నారు. ఆయన అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

నేను ఒక పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్లలో ఆయన పని చేస్తుంటే నేను ఒక్కసారి కూడా చూడలేదు. మా ఇళ్లల్లో ఆడవాళ్లు మార్కెట్‌కి వెళ్లరు. పొద్దున పదకొండింటికి ఇంటికొచ్చి, చెమట బట్టలతో అన్నం తిని పడుకునే మనిషి నాకు తెలుసు. ఎవరి పూలు మంచివో చేత్తో పట్టుకోగానే చెప్పే ఈ మనిషి నాకు తెలియదు. అలసిపోయి పడుకునే మనిషి మీద నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో అక్కడ నిలబడి గుర్తొచ్చింది.

వచ్చేటప్పుడు రజనీగంధ దండ ఒకటి కొన్నారు, బేరం ఆడకుండా. ఇంటికి రోజూ పూలు వస్తాయి, కానీ అవి మార్కెట్‌లో మిగిలినవి. నాకోసమని డబ్బిచ్చి కొన్నది ఇదే మొదటిసారి. అక్కడే మెట్ల మీద కూర్చుని, కొంత తుంచి జడలో పెట్టుకున్నాను. చిన్న మట్టి ముంతలో టీ ఇచ్చారు, వాళ్లు దాన్ని భాఁడ్ అంటారు, తాగి పడేస్తారు. నేను పడెయ్యలేదు, కొంగులో చుట్టుకుని తెచ్చుకున్నాను.

తర్వాత వంతెన మీద నడిచి హౌరా వైపు వెళ్లాం. 1943లో తెరిచిన వంతెన, నట్లు, బోల్టులు లేకుండా అంతా రివెట్లతోనే బిగించారు, నది మధ్యలో ఒక్క స్తంభం ఉండదు. గోదావరి వంతెనలు చూసి పెరిగినదాన్నయినా తలెత్తి చూస్తూ నడిచాను. అవతల ఫెర్రీ ఎక్కి బాబూఘాట్‌లో దిగాం, టికెట్ చిల్లర డబ్బులే. మీరూ ఇదే వరసలో వెళ్లండి: తెల్లవారకముందే పూల మార్కెట్, వంతెన మీద నడక, పడవలో వెనక్కి. 2024 మార్చి నుంచి నది కింద మెట్రో నడుస్తోంది, అందరూ దాని గురించే చెబుతారు. ఎక్కండి, కానీ కింద నుంచి వెళ్తే నది కనిపించదు. పడవలో ఒక పెద్దావిడ నా జడలో పూలు చూసి "మద్రాసీ?" అని నవ్వింది. అక్కడ ఆడవాళ్లు మనలా రోజూ పూలు పెట్టుకోరు. మామూలుగా ఎవరైనా మనల్ని మద్రాసీ అంటే నాకు కోపం, ఆ రోజు మాత్రం రాలేదు.

మిగతావి చెబుతాను. విక్టోరియా మెమోరియల్ లోపలి మ్యూజియం సోమవారం ఉండదు, ఇండియన్ మ్యూజియం కూడా అంతే. విక్టోరియాలో లోపలికంటే బయటి తోట బాగుంటుంది, మధ్యాహ్నమంతా అక్కడ కూర్చోండి, ఎవరూ మిమ్మల్ని వింతగా చూడరు. సాయంత్రం ప్రిన్సెప్ ఘాట్‌లో తెడ్డు పడవలు ఉంటాయి, ఎక్కకముందే ఎంతసేపు, ఎంత డబ్బు అని తేల్చుకోండి. ట్రామ్ నడుస్తూ కనిపిస్తే మాత్రం వదలకండి, ఎటు వెళ్తుందని కూడా అడక్కండి. 1873లో గుర్రాలతో మొదలైన బండ్లు అవి, ఇప్పుడు చాలా దారుల్లో ఆపేశారు. దక్షిణేశ్వర్ కాళి గుడికి మెట్రోలో వెళ్లి, అక్కడి నుంచి పడవలో రామకృష్ణ మిషన్ వాళ్ల బేలూరు మఠానికి వెళ్లొచ్చు, మఠం మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్‌లో ఒక పూట కూర్చోండి. అక్కడ ఒక్క కాఫీకి గంటలు గంటలు మాట్లాడుకుంటారు, దాన్ని అడ్డా అంటారు. మన దగ్గర అడ్డా అంటే చోటు, వాళ్లకి మాటలు కూడా. మేమిద్దరం పిల్లల చదువులు, చిట్టీలు కాకుండా వేరే సంగతులు మాట్లాడుకున్నది అక్కడే.

తిండి గురించి గోదావరి వాళ్లకి ఒక మాట. వాళ్ల ఇలిష్, మన పులస ఒకటే చేప. వానాకాలంలోనే దాని రుచి, చలికాలంలో దొరికేది ఐసులో పెట్టినది, దానికి డబ్బు పెట్టకండి. అరిటాకులో ఆవముద్ద పట్టించి ఉడికించే భేట్కీ చేప పాతూరి తినండి. చలికాలంలో మాత్రమే దొరికేది నొలెన్ గూర్, అంటే మన ఈత చెట్టు కల్లు కాకముందు నీరా కాచి చేసే బెల్లం. దాంతో చేసిన సందేశ్, రసగుల్లా తిన్నాక మామూలువి ఎక్కవు. బిర్యానీలో బంగాళాదుంప వేస్తారని మనవాళ్లు వెక్కిరిస్తారు, అది తప్పు, ఆ దుంప కోసమే మళ్లీ తిన్నాం. కూరల్లో కాస్త తీపి తగులుతుంది, చిన్న సీసాలో ఆవకాయ పట్టుకెళ్లండి.

ఇంటికి రోజుకి ఒక్కసారే ఫోన్ చేయండి, రాత్రి అన్నాలయ్యాక. మొదటిరోజు నేను ఏడుసార్లు చేశాను. ఆఖరికి మా అమ్మే "పిల్లలు ఆడుకుంటున్నారు, నువ్వు పెట్టెయ్" అంది. "ఇప్పుడు హనీమూన్ ఏంటి" అనే చుట్టాలు మీకూ ఉంటారు. వాళ్లెవరూ మీ పిల్లల్ని ఒక్క పూట చూసుకున్నవాళ్లు కారు, వాళ్ల మాట పట్టించుకోవాల్సిన పని లేదు.

రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తున్నారు. జనవరికి కావాలంటే నవంబర్‌లో తేదీ చూసుకుని పొద్దున ఎనిమిదింటికల్లా కూర్చోండి. టికెట్ చేతికొచ్చాకే ఇంట్లో చెప్పండి. మేం అలాగే చేశాం. జారని చెప్పులు మర్చిపోకండి.