బియ్యం ‘నిండుకున్నాయి’ అని రాసుకునే అమ్మాయికి ఏ పీజీ?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. ఆంత్రోపాలజీలో (మానవశాస్త్రం) పీజీ చేస్తానని, అందులోనూ భాష మీదే పనిచేస్తానని పట్టుబట్టింది. ఇంట్లో ఎవరు ఏమన్నా నోటుపుస్తకంలో రాసుకుంటుంది. మొన్న మా అమ్మ ‘బియ్యం నిండుకున్నాయి’ అంటే అదీ రాసుకుంది. ఆంత్రోపాలజీ అంటే పుర్రెలు, ఎముకలు కదా, అందులో భాషకేం పని? చివరికి వచ్చేది తెలుగు పండిట్ ఉద్యోగమే అయితే బీఈడీ చేయించడం నయం కదా? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: పుర్రెలు, ఎముకలు ఆ శాస్త్రంలో ఒక శాఖ మాత్రమేనండీ. సమాజం–సంస్కృతి, పురావస్తువులు, భాష మిగతా మూడు. అమెరికాలో ఈ చదువుకు పునాది వేసిన ఫ్రాంజ్ బోయాస్, ఒక జాతిని అర్థం చేసుకోవాలంటే దుబాసీని నమ్ముకుంటే చాలదని, వాళ్ల భాషే నేర్చుకోవాలని వందేళ్ల కిందటే గట్టిగా చెప్పాడు. భాష అందులోకి కొత్తగా వచ్చి చేరిందేమీ కాదు.

ఇక ఆ నోటుపుస్తకం. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది అదే. ‘నిండుకున్నాయి’ అనే మాటను భాషాశాస్త్రం చదివే పిల్ల చూస్తే, ‘నిండు’కు ‘కొను’ చేరగానే అర్థం ఎలా తలకిందులైందో ఆరా తీస్తుంది. ఆంత్రోపాలజీ పిల్ల వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఈ మాట అత్తగారు అన్నారు, కోడలు అంటుందా? అదే కోడలు కిరాణా కొట్టుకు ఫోను చేసి ‘అయిపోయాయి’ అంటుందా? కొట్టాయన తన బస్తా ఖాళీ అయితే ఏమంటాడు? దీపం ఆరిందనకుండా ‘కొండెక్కింది’ అనడానికీ దీనికీ చుట్టరికం ఉందా? ఇంట్లో లేమి అన్న మాట నోట రాకూడదనే భయం ఎవరిలో ఉంది, ఎవరిలో పోయింది? వ్యాకరణం వచ్చినంత మాత్రాన భాష వచ్చినట్టు కాదని, ఎవరితో ఏ వేళ ఎలా మాట్లాడాలో, ఎక్కడ ఊరుకోవాలో తెలియడమూ భాషేనని 1960లలో అమెరికన్ ఆంత్రోపాలజిస్ట్ డెల్ హైమ్స్ వాదించాడు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ‘ఆ పిల్లకు మాట తీరు తెలుసు’ అనేది దాన్నే.

కాబట్టి ముందు ఆ పుస్తకం తెరిచి చూడండి, అమ్మాయి అనుమతితోనే సుమా. ఉచ్చారణలు, ప్రత్యయాలు, మాటల పుట్టుపూర్వోత్తరాలు ఎక్కువ ఉంటే భాషాశాస్త్రానికి పంపండి. ఎవరు ఎవరితో అన్నారు, అప్పుడు పక్కన ఎవరున్నారు అని రాసి ఉంటే ఆంత్రోపాలజీయే సరి.

‘దీనితో ఏం పని దొరుకుతుంది’ అంటారా? ఒక ఉదాహరణ చెబుతాను. ఇంగ్లిషులో తయారైన సర్వే ఫారంలో ‘కజిన్’ అని ఒక గడి ఉంటుంది. మనకు పెదనాన్న కొడుకు అన్న, మేనత్త కొడుకు బావ. మొదటివాడితో పెళ్లి అన్న ఊహే తప్పు. రెండోవాడితో మేనరికం చాలా కుటుంబాల్లో ఆనవాయితీ. ఇద్దరినీ ఒకే గడిలో వేస్తే, దగ్గరి బంధువుల పెళ్లిళ్ల గురించి అడిగే ఆరోగ్య సర్వే అక్కడికక్కడే దెబ్బతింటుంది. అమెరికన్ ఆంత్రోపాలజిస్ట్ లూయీ హెన్రీ మోర్గన్ 1871లో అచ్చువేసిన బంధుత్వ పట్టికల్లో తెలుగు, తమిళ వరసలూ ఉన్నాయి, వాటిలో ఈ తేడా కనిపిస్తుంది. ఫారం ఊళ్లోకి వెళ్లకముందే ఆ గడిని పట్టుకోగల మనిషి ఆరోగ్య ప్రాజెక్టులకు కావాలి, స్వచ్ఛంద సంస్థలకు కావాలి. యాప్‌లు చేసే కంపెనీల్లో వాడకందారుల తీరు పరిశీలించే విభాగాలకూ కావాలి. అయితే ప్రకటనలో ‘ఆంత్రోపాలజిస్ట్ కావలెను’ అని ఉండదు. పరిశోధకుడు, ఫీల్డ్ కోఆర్డినేటర్ వంటి పేర్లుంటాయి. ఆంత్రోపాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా, గిరిజన పరిశోధన సంస్థలు, మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ, యూనివర్సిటీలు ఉన్నాయి కానీ పోస్టులు తక్కువ. ప్రాజెక్టుల్లో చాలావరకు కాంట్రాక్టు కొలువులే. మొదటి కొన్నేళ్లు చేతికి వచ్చేది చూసి మీరు నొచ్చుకోవచ్చు. పండిట్ కొలువుకు దారి వేరు, భద్రత వేరు. ఆ పోలిక పెట్టకండి.

నేను పట్టుబట్టేది ఒక్కదానికే: డిగ్రీతో పాటు, తక్కువమందికి వచ్చిన ఒక భాష నేర్చుకోమనండి. గిడుగు రామమూర్తి అనగానే మనకు వ్యావహారిక భాషోద్యమం గుర్తొస్తుంది. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఆయన సవర అనే గిరిజన భాష నేర్చుకుని, సవర పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించారు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో సవర, గోండి, కోయ, కొలామి, కువి వంటి ఎనిమిది భాషల్లో వాచకాలు తయారుచేయాల్సి వచ్చినప్పుడు, ఆ భాషా వచ్చి, ఆ ఇళ్లలో పిల్లలతో ఎలా మాట్లాడతారో కూడా తెలిసినవారి అవసరం పడింది. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ గోండితో సహా కొన్ని భాషలకు అనువాద యాప్ తెచ్చింది. యంత్రం అనువదించిన వాక్యం ఆసిఫాబాద్ దగ్గరి గూడెంలో ముసలమ్మకు మర్యాదగా వినిపించిందా, గద్దించినట్టు వినిపించిందా అన్నది యంత్రానికి తెలిసేది కాదు. ఆంత్రోపాలజీ పట్టా ఉన్నవాళ్లు దొరుకుతారు. గోండి కూడా వచ్చినవాళ్ల కోసం వెతకాలి.

సివిల్స్‌లో ఈ సబ్జెక్టు 500 మార్కుల ఆప్షనల్ అని ఎవరో ఒకరు మీతో అంటారు. నిజమే. దానికోసమే పీజీ చేయనక్కర్లేదు, ఇంజనీర్లు కోచింగ్‌తోనే రాసేస్తున్నారు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ ఉంది, అనువర్తిత భాషాశాస్త్ర కేంద్రమూ ఉంది. ప్రవేశం సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశపరీక్ష ద్వారా. ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీల్లో ఆంత్రోపాలజీ, ఉస్మానియాలో భాషాశాస్త్రం ఉన్నాయి. బీఏ వారికి అర్హత ఎక్కడెక్కడ ఉందో ఈ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి.

దరఖాస్తు పెట్టేలోపు అమ్మాయిని ఒక వారంపాటు రోజూ గంటసేపు రైతుబజారులో గానీ, బస్టాండులో గానీ కూర్చోబెట్టండి. ఫోను బయటికి తీయకూడదు, ఎవరినీ ప్రశ్నలు అడగకూడదు. విన్నది ఇంటికొచ్చి రాయాలి. మూడో రోజుకే విసుగొస్తే బీఈడీ దరఖాస్తు నింపండి. ఎనిమిదో రోజు కూడా బయలుదేరితే, మీరు చేయగలిగేది కొత్త నోటుపుస్తకం కొనివ్వడమే.