కొత్త ఫిన్స్: బిగుతు తగ్గుతుంది, సైజు మారదు

కెరటాల కబుర్లు
పాఠకుల ప్రశ్నలకు ఈత మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, మాది గార మండలం. విశాఖలో ఉద్యోగం. రుషికొండలో బాడీబోర్డు (పొట్ట ఆనించి కెరటమెక్కే నురగ బోర్డు) నేర్చుకున్నాను. కాళ్లకి తొడుక్కునే ఈత రెక్కలు, అదే ఫిన్స్, ఇన్నాళ్లూ అద్దెవాటితోనే నెట్టుకొచ్చాను. ఈమధ్య మా బావ సింగపూర్ నుంచి కొత్త జత తెచ్చాడు. గట్టి నల్ల రబ్బరువి, పొట్టివి, మడమ వెనక పట్టీ ఉంటుంది. సెలవుకి ఊరొచ్చి కళింగపట్నంలో వేసుకుంటే కాసేపటికే బొటనవేళ్ల మీద, మడమల వెనక బొబ్బలు లేచాయి. కుడి పిక్క పట్టేసింది. ఎడమ ఫిన్ అయితే రెండుసార్లు ఊడిపోయింది. మరిగే నీళ్లలో వెయ్యమని ఒకరు, కొబ్బరి నూనె రాయమని ఇంకొకరు చెబుతున్నారు. నా చెప్పుల సైజు 8, ఫిన్స్ మీద కూడా 8–9 అనే ఉంది. వాడగా వాడగా సర్దుకుంటాయా, లేక మార్చుకోవాలా?

జవాబు: మార్చుకోవడం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఎడమ ఫిన్ ఎందుకు ఊడిందో తేలాలి. నీ ఉత్తరంలో అసలు సమస్య అదొక్కటే. బొబ్బలు, పిక్క నొప్పి కొత్త రబ్బరుతో ఎవరికైనా వచ్చేవే.

ఫిన్ పెద్దదైతే పాదం లోపల ఆడుతూ ఊడుతుంది, అది అందరికీ తెలుసు. ఇరుకైనా ఊడుతుంది, ఇది చాలామందికి తెలీదు. ముందు భాగం పట్టేసి పాదం పూర్తిగా లోపలికి దిగకపోతే మడమ బయటికి మిగిలిపోతుంది. అప్పుడు పట్టీ మడమని చుట్టి కూర్చోకుండా అంచున వేలాడుతుంది. అల ఒక్క గుంజు గుంజితే జారిపోతుంది. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా ఇసుకలో తిరిగిన పాదాలు వేళ్ల దగ్గర వెడల్పుగా ఉంటాయి. ఫిన్స్ అచ్చు మాత్రం బూట్లలో పెరిగిన పాదాన్ని చూసి పోసినట్టుంటుంది. నా పాదాలూ వెడల్పే. పెళ్లికి కొన్న బూట్లు పందిట్లోనే విప్పేశాను, ఆ పీటల మీద ఎవరు చూడొచ్చారు!

అంకె సంగతి కూడా చూడు. మన చెప్పుల దుకాణంలో 8 అంటే బ్రిటిష్ లెక్క. సర్ఫింగ్ ఫిన్స్ మీద ఎక్కువగా అమెరికా లెక్క వేస్తారు. మగవాళ్ల సైజుల్లో మన 8 వాళ్లకి సుమారు 9. నీ జత మీద ఉన్నది ఆ లెక్కే అయితే 8–9లో నువ్వు పై అంచున ఉన్నావు. వెడల్పు పాదమైతే ఇక చెప్పక్కర్లేదు. పెట్టె మీదో అడుగునో ఏ దేశం లెక్కో రాసి ఉంటుంది, వెతుకు.

ఇప్పుడు పరీక్ష. సాయంత్రం పూట చెయ్యి, పొద్దుటి కంటే అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పాదాలూ ఫిన్స్ రెండూ తడిపి, కుర్చీలో కూర్చుని తొడుక్కో. కాలు పైకెత్తి గట్టిగా విదిలించు. పాదం పూర్తిగా దిగి, పట్టీ మడమని చుట్టి కూర్చున్నాక కూడా ఫిన్ కదులుతోందంటే అది పెద్దది. ఎన్ని నెలలు వాడినా బాగుపడదు, పైగా రబ్బరు సాగేకొద్దీ ఇంకా వదులవుతుంది. పాదం సగంలో ఆగిపోయి వేళ్లు నొక్కుకుంటున్నాయంటే ఇరుకు. ఇరుకు కొంతవరకే తగ్గుతుంది. రబ్బరు మెత్తబడుతుంది గానీ ఫిన్ పొడవు పెరగదు కదా! రెండు కాళ్లకీ వేరువేరుగా చూడు. చాలామందికి ఒక పాదం ఇంకో పాదం కంటే కాస్త పెద్దగా ఉంటుంది, ఎడమదే ఎందుకు ఊడిందో అక్కడే తెలిసిపోవచ్చు.

ఇరుకే అని తేలితే ముందు మెత్తబరిచి చూడాలి. కొత్త ఫిన్స్‌ని గిన్నెలు తోమే సబ్బుతో ఒకసారి కడుగు. అచ్చులోంచి ఊడి రావడానికి పూసిన జిడ్డు ఏమైనా మిగిలి ఉంటే పోతుంది. తర్వాత బకెట్లో స్నానానికి తోడుకునేంత వేడి నీళ్లు పోసి కాసేపు నానబెట్టు. పలచని సాక్స్ వేసుకుని, వెచ్చగా ఉండగానే తొడుక్కుని, చల్లారేదాకా టీవీ ముందు కూర్చో. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనీ. రోజూ ఇలా చేస్తూ పోతే పాదం ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ రబ్బరు సాగి దారిస్తుంది. మరిగే నీళ్లు మాత్రం వద్దు. పట్టీ దగ్గర రబ్బరు పాడైతే అది తెగేది అలల మధ్యలోనే.

కొబ్బరి నూనె జోలికి అసలు పోకు. మన జిల్లాలో ఉద్దానం ఉన్నందుకో ఏమో, తలనొప్పి నుంచి తలుపు కీచుమనడం దాకా అన్నిటికీ కొబ్బరి నూనే మందు. సహజ రబ్బరుకి నూనె పడదు. కొబ్బరి నూనె అయినా వాజ్‌లిన్ అయినా దాన్ని ఉబ్బించి బలం తీసేస్తాయి. తొడుక్కోవడానికి జారుడు కావాలంటే నీళ్లు చాలు.

బొబ్బలకి బిగుతు సగం కారణం, మిగతా సగం ఇసుక. ఒడ్డున పొడి ఇసుకలో కూర్చుని ఫిన్స్ తొడుక్కుని నీళ్లలోకి నడిచావా? చాలామంది అదే చేస్తారు. లోపలికి దూరిన ఇసుక ప్రతి తన్నుకీ గరుకు కాగితం పని చేస్తుంది. ఫిన్స్ చేత్తో పట్టుకుని నడుం లోతు దాకా వెళ్లు. అక్కడ పాదాన్నీ ఫిన్‌నీ నీళ్లలో జాడించి, రెండు అలల మధ్య సందులో ఒక్కొక్కటీ తొడుక్కో. ఒడ్డు నుంచే వేసుకోక తప్పకపోతే వెనక్కి నడువు. ముందుకు నడిస్తే ఫిన్ ముందుండే రెక్క కింద మడత పడి బోర్లా పడతావు. ఒరుసుకునే చోట ముందుగానే మెడికల్ షాపులో దొరికే గుడ్డ ప్లాస్టర్ అంటించు. ఫిన్స్ కోసమే పలచని నియోప్రీన్ (స్పాంజిలాంటి రబ్బరు) సాక్స్ అమ్ముతారు, మంచివే. కాకపోతే అవీ లోపల చోటు తింటాయి, ఇప్పటికే ఇరుకైన జతలో వాటిని కుక్కితే కాలు తిమ్మిరెక్కుతుంది. బొబ్బ చితికి పుండు ఉంటే మానేదాకా నీళ్లలోకి దిగకు, ఏటి మొగ దగ్గరైతే మరీను.

పిక్క గురించి నాకు బెంగ లేదు. అద్దె ఫిన్స్ వాడి వాడి మెత్తబడి ఉంటాయి, నీవి గట్టివి. అదే తన్ను తంతే కండరం మీద ఎక్కువ బరువు పడుతుంది. మోకాలి నుంచి సైకిలు తొక్కినట్టు తొక్కుతున్నావేమో గమనించు. తన్ను తుంటి దగ్గర పుట్టాలి, మోకాలు కొద్దిగా వదులుగా ఉండాలి, బొటనవేలు వెనక్కి చాచి ఉండాలి. రెక్క నీళ్ల పైకి వచ్చి చప్పుడు చేస్తోందంటే ఆ బలమంతా గాలికి పోయినట్టే. మొదట్లో కాసేపు తన్ని కాసేపు ఆగు. పిక్క పట్టేస్తే వెల్లకిలా తేలి, మోకాలు చాపి, రెక్క చివర పట్టుకుని నీ వైపు లాగు, వదిలేస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా పాదం సగంలోనే ఆగుతుంటే ఆ జత మీ ఊళ్లో చిన్న పాదం ఉన్న తమ్ముడెవరికైనా ఇచ్చేసి పై సైజు తెప్పించుకో. బావ ఏమనుకుంటాడోనని కాలు నలిపేసుకోకు.

ఇంకొక్కటి. ఫిన్‌ని బకెట్ నీళ్లలో వదిలి తేలుతుందో మునుగుతుందో చూడు. కొన్ని రకాలు మునుగుతాయి. వానాకాలంలో వంశధార ఎర్రనీరు కలిసిన సముద్రంలో నల్ల ఫిన్ మునిగిందంటే దాని ఆశ వదులుకోవడమే. మునిగే రకమైతే చీలమండకి కట్టుకునే తాడు కొను.

ప్రశ్న: బాబూ, మాది బారువ. చిన్నప్పుడు మేం చెక్కముక్క పొట్ట కింద పెట్టుకుని కెరటం మీద ఒడ్డుకొచ్చేవాళ్లం. ఇప్పటి గుంటలు కాళ్లకి రబ్బరు రెక్కలు కట్టుకుంటున్నారు. ఇది ఏటి సోకు? రెక్కల్లేకుండా రాదేటి?

జవాబు: వస్తుంది పెద్దాయనా, బాగా వస్తుంది. ఒడ్డు దగ్గర విరిగే కెరటానికి మీ చెక్కముక్కే చాలు. నేల అందే చోట కాలితో ఒక్క తోపు తోసి ఎక్కేస్తారు. నేల అందని లోతులో విరిగే పెద్ద కెరటంతో వస్తుంది తంటా. అది వచ్చే వేగాన్ని ఒట్టి కాళ్లు అందుకోలేవు, అక్కడే రెక్కలు పనికొస్తాయి.

సోకు అంటారా, ఇది మీ నా వయసు కంటే పాత సోకు. ఫ్రాన్సులో నౌకాదళ అధికారి లూయీ ద కోర్లియో ఈత రెక్కలకి 1933లో పేటెంటు తీసుకున్నాడు. 1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ పడవ పందెంలో బంగారు పతకం గెలిచిన అమెరికన్ ఓవెన్ చర్చిల్ ఆయన దగ్గర హక్కులు తీసుకుని రబ్బరు ఫిన్స్ అమ్మాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళాల ఈతగాళ్లు ఫిన్స్ వాడారు. పొట్ట ఆనించే నురగ బోర్డు అయితే 1971లో హవాయిలో టామ్ మోరీ చేసింది. మీరు చెక్కముక్కతో చేసిన పనే అది, కాస్త మెత్తగా ఉంటుందంతే.

ప్రశ్న: మాస్టారూ, మాది విజయనగరం. ఇంటర్ చదివే మా అబ్బాయికి కొలనులో ఈత బాగా వచ్చు. పూల్‌లో వాడే పొట్టి సిలికాన్ ఫిన్స్ ఉన్నాయి. వాటితో చింతపల్లి బీచ్‌లో అలలెక్కుతానంటున్నాడు. ఫిన్స్ ఉన్నాయి కాబట్టి భయం లేదంటాడు. నాకు టెన్షన్‌గా ఉంది. పంపమంటారా?

జవాబు: భయం లేదన్నాడు చూశారా అమ్మా, మీ టెన్షన్‌కి కారణం అదే, అది న్యాయమైన టెన్షనే.

పూల్ ఫిన్స్ అలల్లో పనికిరావు. అవి కదలని నీళ్ల కోసం చేసినవి, విరిగే అల వాటిని మడమ నుంచి ఒలిచేస్తుంది. నోట్లో ఊపిరి గొట్టం పెట్టుకుని చేపల్ని చూడటానికి వాడే పొడుగు ఫిన్స్ ఇంకా అధ్వాన్నం, అల వాటిని వెనక్కి విరిచి కాలు మెలిపెడుతుంది. అలలకి పొట్టిగా, గట్టిగా, మడమ పట్టీతో ఉండేవే కావాలి. ఉన్న పూల్ ఫిన్స్ వృథా కాదు లెండి, కొలనులో తుంటి నుంచి తన్నడం వాటితోనే నేర్చుకోమనండి.

ఇక సముద్రం. అలలు ఒడ్డుకి తోసిన నీరంతా ఎక్కడో ఒక సందు చూసుకుని వెనక్కి పోతుంది. అలలు విరగకుండా నునుపుగా, కాస్త మురికిగా కనబడే పట్టీ అదే. తెలియనివాళ్లు అక్కడ అలలు తక్కువని అక్కడే దిగుతారు. ఆ లాగుడులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఫిన్స్ ఉన్నా సరే, ఒడ్డుకి సమానంగా పక్కకి ఈది బయటపడాలి, అలలు విరిగే చోటుకొచ్చాక వాటితో ఒడ్డు చేరాలి. ఇది నోటితో అప్పజెప్పగలిగితే సరిపోదు, తెలిసినవాళ్ల పక్కన ఉండి చూసి నేర్చుకోవాలి.

చింతపల్లి ఎదుట సముద్రంలో రాళ్లున్నాయి. ఓడలకి వాటి భయం ఉండబట్టే 19వ శతాబ్దంలోనే అక్కడ లైట్‌హౌస్ కట్టారు. ఒడ్డున ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ ఒట్టి ఇసుకో ఆ ఊరి మత్స్యకారుల్ని అడక్కుండా దిగొద్దు. కోనాడ వైపు చంపావతి మొగ దగ్గర అసలే వద్దు. ఏరు, ఆటు కలిసి లాగితే ఫిన్స్ ఏ మూలకీ రావు. అలివి వల లాగుతుంటే ఆ తాళ్ల మధ్యకి పోకూడదు. పోతే వాళ్ల తిట్లు తిన్నా తప్పులేదు, వాళ్ల కూడు అది.

మొదలుపెట్టడానికి ఫిబ్రవరి, మార్చి మంచివి, సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి అలలు పెద్దవి, అవి చేయి తిరిగినవాళ్లకి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫాన్ల కాలం. 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరులోనే. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఎత్తైన అలల గురించి ముందుగా హెచ్చరికలు ఇస్తుంది, బయల్దేరే ముందు అవి చూడటం అలవాటు చేయండి. గాలి ఇక్కడ లేకపోయినా ఎక్కడో దూరాన లేచిన అలలు మన ఒడ్డుకి రాగలవు.

పంపమంటారా అన్నారు. ఒంటరిగా అయితే వద్దు. అనుభవం ఉన్న పెద్దవాళ్లు నీళ్లలో పక్కనే ఉంటే, మంచి ఫిన్స్‌తో, నడుం లోతులో, వెళ్లనివ్వండి.

ప్రశ్న: ఫిన్స్ రబ్బరు వాసనకి మా ఇంట్లో గొడవలవుతున్నాయి. ఎండలో పెడితే పోతుందా? – ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: ఎండలో వద్దు తల్లీ, రబ్బరు బీటలు వారుతుంది. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో అసలే వద్దు. వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, గాలి ఆడే నీడలో ఆరబెట్టండి. రెక్క మీద నిలబెట్టొద్దు, వంకర తిరుగుతుంది. పట్టీతో మేకుకి తగిలించొద్దు, సాగుతుంది. పడుకోబెట్టి, లోపల పాత గుడ్డ కుక్కితే ఆకారం నిలుస్తుంది. కొత్త వాసన వాడగా తగ్గుతుంది. ఎంతకీ తగ్గకపోతే అది రబ్బరు వాసన కాదు, తడి ఆరకుండా సంచిలో పెట్టిన వాసన. మా ఆవిడ నా జతని పెరట్లో నీళ్ల కుండీ పక్కకి పంపించేసింది. అక్కడ నీడ ఉంది, గాలి ఉంది, నాకూ అభ్యంతరం లేదు.