యూటీసీ, జీఎంటీ, లండన్ సమయం: మూడూ ఒకటేనా?

ప్రపంచ సమయాలన్నిటినీ లండన్ సమయాన్ని బట్టే లెక్కిస్తారా, అలాగైతే జీఎంటీ (గ్రీనిచ్ మీన్ టైమ్), యూటీసీ (కోఆర్డినేటెడ్ యూనివర్సల్ టైమ్, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం) అని రెండు పేర్లెందుకు అని మీరు అడిగారు. వేర్వేరు ఖండాల్లో ఉన్న సర్వర్ల నిర్వహణ నా ఉద్యోగం కనుక రోజూ ఈ లెక్కతోనే నాకు పని.

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి 15 డిగ్రీల రేఖాంశానికి ఒక గంట తేడా వస్తుంది. అయితే సున్నా డిగ్రీలు ఎక్కడన్నది ప్రకృతి నిర్ణయించలేదు; 1884లో వాషింగ్టన్‌లో 25 దేశాల ప్రతినిధులు సమావేశమై లండన్‌లోని గ్రీనిచ్ మీదుగా పోయే రేఖను ఎంచుకున్నారు. అప్పటికే నౌకల్లో అధిక భాగం గ్రీనిచ్ ఆధారంగా గీసిన పటాలనే వాడుతుండడం అందుకు ముఖ్య కారణం. ఫ్రాన్స్ మాత్రం తటస్థంగా ఉండిపోయింది.

జీఎంటీ మొదట సూర్యుణ్ణి బట్టి కట్టిన లెక్క. యూటీసీకి ఆధారం అనేక దేశాల్లోని అణు గడియారాలు. భూమి తిరిగే వేగం ఎప్పుడూ ఒకేలా ఉండదు గనుక, భూభ్రమణ సమయానికీ యూటీసీకీ మధ్య తేడా 0.9 సెకను దాటకుండా 1972 నుంచి 2016 చివరి వరకు యూటీసీకి 27 లీప్ సెకన్లు, అంటే అదనపు సెకన్లు, కలిపారు. మామూలు అవసరాలకు జీఎంటీ, యూటీసీ ఒకటే అనుకున్నా ఇబ్బంది లేదు.

ఇబ్బందంతా లండన్ సమయం అనడంలోనే ఉంది. వేసవిలో అక్కడి గడియారాలను గంట ముందుకు జరుపుతారు, యూటీసీని జరపరు. ఇలాంటి చోట్ల స్థానిక సమయం ఎంత గందరగోళం చేస్తుందో సర్వర్లలో జరిగేవన్నీ సమయంతో సహా నమోదయ్యే లాగ్ ఫైళ్లలో నేను కళ్లారా చూశాను. నవంబరులో న్యూయార్క్ గడియారాలను వెనక్కి తిప్పిన రాత్రి 1:30 రెండుసార్లు వస్తుంది. స్థానిక సమయంతో రాసిన ఫైల్లో 1:30 అని ఉన్న రెండు నమోదుల్లో ఏది ముందో, ఏది వెనుకో తేల్చడం కష్టమైంది. యూటీసీలో రాసిన ఫైల్లో అవే 05:30, 06:30 అని విడివిడిగా కనిపించాయి.

గంటల తేడా కూడా రేఖాంశాన్ని బట్టే ఉంటుందనుకోకండి, దాన్ని నిర్ణయించేది ప్రభుత్వాలు. నేపాల్ +5:45 (యూటీసీ కంటే 5 గంటల 45 నిమిషాలు ముందు) పెట్టుకుంది, అంత విశాలమైన చైనా మొత్తానికీ +8 ఒక్కటే, పసిఫిక్ మహాసముద్రంలోని కిరిబాటి దేశానికి చెందిన లైన్ దీవులు ఏకంగా +14. అందుకే జరిగిపోయిన సంఘటనలను యూటీసీలోనే నమోదు చేస్తాను గానీ, రాబోయే సమావేశాలకు స్థానిక సమయంతోపాటు ఆ నగరం పేరు కూడా రాసుకుంటాను. ఈలోగా అక్కడి ప్రభుత్వం నిబంధన మారిస్తే ముందే కట్టిన యూటీసీ లెక్క తప్పిపోతుంది.